ఆ ఆకుకు నామం పెట్టింది నేను కాదు

ఆ రోజుల్లో మనిషి నోటి మాటే దస్తావేజని, మాట మీదే లోకం నడిచేదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నడిచిందేమో, నాకు తెలియదు. నా మాట మీద మాత్రం మా ఇంట్లో పిల్లి కూడా నడవలేదు. నేను పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టు వెనక మంటలు లేచాయని చెబితే, మా మామ నిమ్మళంగా తమలపాకుకు సున్నం రాసుకొని, వక్క పెట్టి, మడిచి బుగ్గన పెట్టుకొని, అప్పుడు తలెత్తి, "ఈసారి కథ బాగుండాది. పొగ యాడరా?" అని అడిగేవాడు. (ఒకసారి నిజంగానే లేచాయి. రెండు గోనెసంచులు, ఒక చాప, నా కనుబొమలు కాలిపోయాయి. కనుబొమలు నేనే గీక్కున్నానని మా అత్తకు ఇప్పటికీ, పైలోకంలో కూడా, అనుమానమే అయి ఉంటుంది.) అట్లాగని నేను అబద్ధాలకోరును కాను. అబద్ధం చెప్పేవాడికి లాభం ఉంటుంది, ఎగతాళి చేసేవాడికి తన్నులు ఉంటాయి. నాకు ఎప్పుడూ తన్నులే మిగిలాయి గనుక నేను ఏ జాతివాణ్ణో మీరే తేల్చుకోండి.

మాది ఐరాల. నాయనకు చెరుకుతోట, బెల్లం గానుగ ఉండేవి. ఫోర్తు ఫారంలో నేను ఎంతకూ కదలకుండా కూర్చునేసరికి హెడ్మాస్టరుగారు, "నీకు నేను చెప్పేది అయిపోయింది, ఇంక నువ్వు నాకు చెప్పాల" అన్నారు. అంత పెద్దాయనకు పాఠం చెప్పడం మర్యాద కాదని చదువు మానేశాను. నాయన గానుగ దగ్గర పెట్టి చూశాడు. నా మాటలు వింటూ జనం నవ్వుతూ నిలబడిపోవడం, పెనంలో పాకం ముదిరిపోవడం నాలుగైదు సార్లు జరిగాక, బెల్లం దక్కాలంటే కొడుకును వదులుకోవాలని నిశ్చయించుకొని తిరుపతిలో మా అమ్మ తమ్ముడి దగ్గరికి తోలేశాడు. ఆ మామకు గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో కొట్టు. యాత్రికులకు కావలసిన చెక్కబొమ్మలు, పసుపు, కుంకుమ, నామం నడిమి గీతకు ఎర్రటి తిరుచూర్ణం, అన్నిటికంటే ఎక్కువగా నామపుగడ్డలు అమ్మేవాడు. నామపుగడ్డంటే తెల్లటి సుద్ద, తిరుమణి అని కూడా అంటారు, నీళ్ళతో అరగదీసి నొసట నామం తీర్చుకునేది. కోతికి కొబ్బరికాయ ఇవ్వకూడదని తెలిసిన మా మామ, నా చేతికి తెల్లసుద్ద బస్తాలు ఎట్లా అప్పజెప్పాడో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మా పక్కింటి ముసలాయన, మేము నశ్యం తాత అని పిలిచేవాళ్ళం, ఒక మధ్యాహ్నం మా అరుగు మీద నిద్రపోతుంటే ఆయన బట్టతల నిండా నేను నామం తీర్చాను. ఆయన లేచి, తెలియక, సాయంకాలం దాకా ఊరంతా తిరిగి, ఈరోజేంది అందరూ నాకు దండం పెడతా ఉండారని సంబరపడుతూ ఇంటికి వచ్చాడు. అది చిన్నది. పెద్దది ఎదురింటి అయ్యవారి ఆవు. మా ఊళ్ళో నామాలు రెండు రకాలని తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కింద పాదం ఉన్న నామం తెంగలైవారిది, పాదం లేనిది వడగలైవారిది. ఆ పాదం కోసం తాతల కాలం నుంచి తగువులు పడుతున్నారు. ఎదురింటి అయ్యవారు పక్కా వడగలై. ఆయన ఆవు ఒక ఉదయం నొసట పాదంతో సహా తెంగలై నామం పెట్టుకొని పాలివ్వడానికి నిలబడింది. ఆయన ఆ పాలు తాగాలా వద్దా అని వీధి వీధంతా రెండుగా చీలి వాదించుకుంది. ఆవును నేను ముట్టుకోలేదని చెబితే ఎవరూ నమ్మలేదు. (ముట్టుకున్నాను. కానీ చూసినవాళ్ళు లేనప్పుడు నమ్మాలి కదా.)

ఇట్లా సాగుతుండగా ఒక ఎండాకాలం, గంగజాతర ముగిసిన మరునాడు, మామ నన్ను కొట్టు వెనక కూర్చోబెట్టుకొని ఒక మాట చెప్పాడు. మామకు ఒక్కతే కూతురు, నాకు వరసకు మరదలు. నా కళ్ళు కొట్టులో బేరాల మీద కంటే ఇంటి గడప మీద ఎక్కువగా ఉంటున్న సంగతి ఆయన కనిపెట్టాడు. కోపగించుకుంటాడేమో అనుకున్నాను, లేదు.

"సూడబ్బోడా, అక్క కొడుకువి, పిల్లను నీకు ఇయ్యకూడదని నాకు లేదు. మీ అత్త చంద్రగిరి గుమాస్తా సంబంధం అంటా ఉండాది. వచ్చే జాతర దాకా నీ ఎగతాళి పని ఒక్కటి మా చెవిన పడకుంటే పిల్ల నీది. పడిందా, గుమాస్తాకు తాంబూలాలు ఇచ్చేస్తా. మళ్ళీ నా ముందుకొచ్చి ఏడవాకు."

నేను ఆ రోజు నుంచి మారిపోయాను. ఇది మీరైనా నమ్మాలి. నామపుగడ్డలను పసిబిడ్డలను పట్టుకున్నట్టు పట్టుకొని, కాగితంలో చుట్టి, దండం పెట్టి యాత్రికులకు ఇచ్చేవాణ్ణి. నశ్యం తాత నా ఎదుటే నోరు తెరుచుకొని నిద్రపోతున్నా, ఆ తల పున్నమి చంద్రుడిలా మెరుస్తున్నా, కళ్ళు మూసుకొని గోవింద నామం జపించాను. అట్లా ఒక మనిషి పుట్టు గుణాన్నే చంపుకొని బతుకుతుంటే, వాణ్ణి దెబ్బ తీయడానికి ఒక ఆకు వచ్చింది.

మద్రాసు మీద జపానువాడు బాంబులు వేస్తాడని పుకారు లేచిన కాలం అది. పట్నంలో ఉన్నవాళ్ళు దొరికిన బండి ఎక్కి మా వైపు వచ్చేశారు. మా మామ కూడా వీధి వైపు గదిని ఒక ఆఫీసరుగారి భార్యకు బాడుగకు ఇచ్చాడు. అందరూ నగలు, పాత్రలు మూటగట్టుకొని వస్తే మద్రాసమ్మ (మా ఇంట్లో ఆవిడ పేరు అదే) ఒళ్ళో ఒక ఇత్తడి కుండీ పెట్టుకొని జట్కా దిగింది. కుండీలో ఒక తీగ. ఆకులు తమలపాకుల్లాగే ఉన్నాయి, కానీ ఒక్కో ఆకు మీద ఎవరో మజ్జిగ చిలకరించినట్టు తెల్లటి మచ్చలు, చారలు. దాన్ని వీధి గది కిటికీలో పెట్టి, ఊచలకు దారంతో ఎక్కించింది. ఆవిడ దాని ఇంగ్లీషు పేరు చెప్పింది గానీ మా ఇంట్లో ఎవరి నాలుకా దానికి తిరగలేదు. మా అత్త నడుం మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు చూసింది.

"తినేదానికా, తల్లో పెట్టుకునేదానికా, పూజకా? దేనికి పనికొస్తాదమ్మా ఇది?"

"ఊరికే చూసేదానికండీ" అంది మద్రాసమ్మ.

"దేనికీ పనికిరాకుండా ఊరికే సూసేదానికి మా ఇంట్లో ఒకడుండాడు గదమ్మా" అంది మా అత్త, నా వైపు తిరక్కుండానే.

ఆ తీగ దేనికీ పనికిరాదన్నది నిజం కాదని తేల్చింది నశ్యం తాతే. తమలపాకేనని ఒక ఆకు తుంచి, సున్నం రాసి నమిలాడు. నాలుక వాచి, నోరంతా దురద పుట్టి, రెండు దినాలు ఆయన మాట్లాడలేదు. ఆ రెండు దినాలూ వాళ్ళింట్లో పండగ చేసుకున్నారు. (ఆకు తుంచి ఆయనకు నేనే ఇచ్చానని మా అత్త అంది. నేను అప్పుడు కొట్టులో ఉన్నాను. కనిపెట్టి చూడండి, అప్పటికే ఎట్లా మొదలయిందో.)

వానలు పడేసరికి బాంబుల భయం తగ్గి మద్రాసమ్మ తిరుగు ప్రయాణం కట్టింది. రైల్లో జనం తొక్కిడికి తీగ నలిగిపోతుందని, ఇంట్లో తనను నవ్వించింది నేనొక్కణ్ణే గనుక, కుండీని నాకు అప్పజెప్పింది. ఎండలో పెట్టవద్దని, ఇంట్లోనే ఉంచమని, పైమన్ను ఆరితేనే నీళ్ళు పొయ్యమని, ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడవమని చెప్పింది. నేను అక్షరం తప్పకుండా చేశాను. జీవితంలో ఏ టీచరు చెప్పిన మాటా అంత శ్రద్ధగా వినలేదు. తెల్లారి లేచి, మెత్తటి గుడ్డ తడిపి, ఒక్కో ఆకును అరచేతిలో పెట్టుకొని తుడిచేవాణ్ణి. మా మరదలు గడపలో నిలబడి చూసి, ఆ ఆకుల మొగం కడిగినట్టు నీ మొగం కడుక్కోనుంటే మా నాయన ఎప్పుడో ఒప్పుకోనుండు అని నవ్వి లోపలికి పోయేది. ఆ నవ్వు కోసం నేను ఇంకో రెండు ఆకులు తుడిచేవాణ్ణి.

పెరటాసి నెల వచ్చింది. అరవదేశం నుంచి జనం పసుపు బట్టలతో, గోవిందలు కొట్టుకుంటూ వచ్చే నెల. ఒక శనివారం తెల్లవారి మా అత్త వీధి గది ఊడుస్తూ, కిటికీ దగ్గర చీపురు వదిలేసి నిలబడిపోయింది. తీగ కొసన ఆ రాత్రే విచ్చుకున్న కొత్త ఆకు. పచ్చటి ఆకు మధ్యలో రెండు తెల్లటి చారలు నిలువుగా లేచి, కింద ఒకదానితో ఒకటి కలిశాయి. వాటి మధ్య ఈనె కొంచెం ఎర్రజాయగా ఉంది. నిజం చెప్పాలంటే నాకు కూడా ఒళ్ళు జలదరించింది. అచ్చం నామం. అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మామను పిలిచి, వీధిని పిలిచింది. మధ్యాహ్నానికి మా గడప ముందర చెప్పులు గుట్టపడ్డాయి. కొండ దిగివచ్చిన యాత్రికులు మా ఇల్లు కూడా చూసుకొని తిరుచానూరు పోతున్నారు. ఎదురింటి అయ్యవారు కళ్ళద్దాలు తుడుచుకొని పరీక్షించి, పాదం లేదు గనుక ఆకు వడగలైదని తేల్చారు. తెంగలైవారు వచ్చి, కాడ దగ్గర ఆ చిన్న మచ్చ పాదమేనని వాదించారు. నేను ఒక మూలన చేతులు కట్టుకొని నిలబడ్డాను. నా జన్మలో అంత గొప్ప తమాషా నా ప్రమేయం లేకుండా జరగడం అదే మొదటిసారి. ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్న గుర్తు చాలా రోజులు ఉంది.

ఆ సాయంకాలమే అత్త కుండీని ఎత్తి దేవుడి గదిలోకి చేర్చింది. స్వామి వెలిసిన తీగ వీధి కిటికీలో, కుక్కలు చూసేచోట ఉండటమేమిటని. మా ఇంట్లో వంటిల్లు, దాన్ని ఆనుకొని దేవుడి గది, రెండూ నడి ఇంటికి వెనక ఉండేవి. రెండింటికీ కిటికీ లేదు. పొగ పోవడానికి పైన ఒక గూడు, అంతే. పట్టపగలు కూడా మరదలు దీపం బుడ్డి పెట్టుకొని బియ్యం ఏరేది. నన్ను దేవుడి గదిలోకి రానీయలేదు. మడి లేనివాడు స్వామిని ముట్టకూడదంది అత్త. తుడిచేది, నీళ్ళు పోసేది, హారతి ఇచ్చేది అంతా తానే. నేను గడప ఇవతల నుంచి, "అత్తా, నీళ్ళు ఎక్కువ పోయాకు, మద్రాసమ్మ చెప్పింది" అంటే, మద్రాసమ్మ స్వామిని నాకు చెప్పొచ్చిందా అని కసిరేది. తీర్థం పోసింది. కర్పూరం పొగ పట్టింది. ఆకు ఆకుకూ పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. వచ్చిన ప్రతి యాత్రికురాలికీ ప్రసాదమని ఒక మచ్చల ఆకు తుంచి ఇచ్చింది. మచ్చల ఆకులన్నీ అట్లా కంచికీ, వేలూరుకూ, తిరువణ్ణామలైకీ కొంగుల్లో ముడివేసుకొని వెళ్ళిపోయాయి. నామం ఉన్న ఆకు పొగకు పండి ఒకనాడు తనంతట తాను రాలింది.

ధనుర్మాసం నాటికి తీగకు కొత్త ఆకులు వచ్చాయి. ఒకటి, ఇంకొకటి, మరొకటి. అన్నీ పచ్చనివి. తెల్లచుక్క లేదు. నామం మాట దేవుడెరుగు, మజ్జిగ చుక్క కూడా లేదు. యాత్రికులు వచ్చి చూసి, ఇదేంది, తమలపాకు తీగకు హారతి ఇస్తా ఉండారే అని గుసగుసలాడుకొని పోసాగారు. మా అత్త ముఖం చిన్నబోయింది. నాలుగు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. అయిదో దినం నేను కొట్టు నుంచి వచ్చేసరికి నడి ఇంట్లో మామ, నశ్యం తాత కూర్చొని ఉన్నారు. అత్త స్తంభానికి ఆనుకొని నిలబడి ఉంది. మరదలు వంటింటి గడపలో ఉంది.

"యేమిరా, ఏం పూసినావు ఆకుకు? తిరుమణేనా, సున్నమా?" అంది అత్త.

నేను ఏమీ పుయ్యలేదన్నాను. నామపుగడ్డ మీద ప్రమాణం చేశాను. (అది పొరపాటు. ఆ సమయంలో ఆ వస్తువును తలచుకోకుండా ఉండాల్సింది.) మద్రాసమ్మ తెచ్చినప్పుడే మచ్చలున్నాయి కదా అన్నాను. మద్రాసమ్మ ఉన్నప్పుడు కూడా ఆ కిటికీ చుట్టూ తిరుగుతూ ఉండింది నేనే కదా అన్నారు. మద్రాసమ్మనే పిలిచి అడుగుదామంటే, ఆవిడ ఏ పేటలో ఉందో ఎవరికీ తెలియదు. పాత ఆకు ఒక్కటి ఉంటే కడిగి చూపించేవాణ్ణి, ఒక్కటి లేదు, అత్తే అన్నీ పంచిపెట్టింది. అప్పుడు అత్త అడిగిన ప్రశ్నకు మాత్రం ఏ ప్లీడరూ జవాబు చెప్పలేడు.

"నువ్వు దాని దగ్గరుండినన్నాళ్ళూ ఆకాకుకూ మచ్చలే. నేను నిన్ను గడప అవతల పెట్టినాక ఒక్క ఆకుకన్నా మచ్చ వచ్చిందా? వచ్చింటే సూపీ, నీ కాళ్ళకు మొక్కుతా."

రాలేదు. నేనేం చూపించను? నశ్యం తాత తల తడుముకొని, వీడికి ఈ విద్య కొత్త కాదు గదప్పా అన్నాడు. ఎదురింటి ఆవు కూడా ఆ క్షణంలో అరిచింది. సాక్ష్యానికి వచ్చినట్టే. మామ నా వైపు చూడలేదు. జాతర దాకా అని చెప్పినా కదరా అని మాత్రం నేలను చూస్తూ అన్నాడు. జన్మలో చేసిన తప్పులన్నిటికీ అరకొర తన్నులు తిని, చెయ్యని ఒక్క పనికి నేను ఇంట్లో నుంచి వెళ్ళగొట్టించుకున్నాను. పైగా చేసుంటే ఎంత గొప్ప పని అది. ఒక్క ఆకుతో ఊరంతటి చేత దండం పెట్టించిన పని. చేసినవాడినని ఒప్పుకుందామా అన్నంత ఆశ పుట్టింది, అది కూడా నిజం. కానీ చెయ్యలేదే!

పెట్టె సర్దుకుంటుంటే మరదలు వచ్చి నిలబడింది. నా పక్షాన ఒక మాట చెబుతుందని ఎదురు చూశాను. అది గొంతు తగ్గించి, "నిజం చెప్పు బావా, నాకన్నా చెప్పు. పూసినావా?" అని అడిగింది. ఆ కోపంతో పెట్టె ఎత్తుకొని వీధిలోకి వచ్చేశాను. పెంటకుప్ప మీద అత్త విసిరేసిన తీగ కనబడింది, దాన్ని కూడా ఎత్తుకున్నాను. నా మీద సాక్ష్యం చెప్పిన దుర్మార్గురాలిని అక్కడే తొక్కెయ్యాల్సింది. కానీ వీధిన పడ్డవాళ్ళం ఇద్దరమూ ఒకటే కదా. దాని మొదలు తడిగుడ్డలో చుట్టి, చంకన పెట్టుకొని, నాయనకు ముఖం చూపించలేక, చిత్తూరులో మా చిన్నాయన దగ్గరికి పోయాను.

చిన్నాయనది టైలరు షాపు. ఆయన మిషను వీధి కిటికీకి ఆనించి ఉండేది, నల్లకోటు కుట్టాలంటే అక్కడైతేనే దారం కనపడుతుందని. షాపులో గుడ్డల మధ్య వేరే చోటు లేక నేను తీగను ఒక గాజు సీసాలో నీళ్ళు పోసి ఆ కిటికీ గట్టునే పెట్టాను. వేళ్ళు వచ్చాయి. మట్టి కుండీలోకి మార్చాను. రోజూ గుండీలు కుడుతూ దాన్ని తిట్టడమే నా పని. నీకు తెలుపు రావడానికి ఏం రోగం, నా పెళ్ళి చెడగొట్టడానికి ఎవరి దగ్గర లంచం తిన్నావు, గుమాస్తా దగ్గరేనా అని. చిన్నాయన కత్తెర ఆపి, ఆకుతో మాట్లాడే వాణ్ణి పెట్టుకున్నానని తెలిస్తే గిరాకీలు కొలతలు ఇవ్వరప్పా అని బతిమాలేవాడు.

మాఘం దాటాక ఒక కొత్త ఆకు విచ్చింది. దాని మీద గోరంత తెలుపు. నేను సూది గుచ్చుకొని రక్తం కారుతున్నా చూసుకోలేదు. తరువాతి ఆకుకు ఇంకొంచెం. ఆ తరువాతి దానికి సగం. అప్పుడు గమనించాను: కిటికీ వైపు ఎగబాకిన కొమ్మకు తెలుపు దండిగా ఉంది, గుడ్డల బీరువా నీడలోకి పోయిన కొమ్మకు ఒట్టి పచ్చదనమే. నాకు తల తిరిగిపోయింది. మద్రాసమ్మ గది కిటికీలో మచ్చలు, దేవుడి గది చీకట్లో పచ్చ, ఇక్కడ మళ్ళీ కిటికీలో మచ్చలు. వెలుతురు! అంతే, ఇంకేమీ లేదు. పూసింది లేదు, మార్చింది లేదు, పాపం లేదు, మడి లేదు. ఫోర్తు ఫారం దాటనివాడికి తోచిన ఈ సంగతి వీధి వీధంతటికీ ఎందుకు తోచలేదని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామ పెట్టిన గడువు జాతర, గుమాస్తాకు తాంబూలాలు అప్పటికింకా ఇవ్వలేదని తెలిసింది. ఆలోగా నిరూపిస్తే మరదలు నాది, లేకుంటే గుమాస్తాది. నేను కుండీ ఎత్తుకొని బొగ్గుతో నడిచే బస్సెక్కి (యుద్ధంలో పెట్రోలు లేదు, బస్సు వెనక బొగ్గుల పొయ్యి ఉండేది) తిరుపతిలో దిగాను. దిగాక గాని నా తెలివి నాకు తెలియలేదు. గంగజాతరలో జనం రోజుకొక వేషం కడతారు, తొలిది బైరాగి వేషం. ఆ రోజు ఊళ్ళో మగవాడన్నవాడు తలనుంచి పాదం దాకా నామపుసుద్ద పూసుకొని, వేపమండలు పట్టుకొని, ఎదురైనవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ గంగమ్మ గుడికి పోతాడు. ఊరంతా తెల్లగా ఉంది. సంవత్సరంలో ఉన్న ఇన్ని రోజుల్లో, సుద్ద పూయలేదని నిరూపించడానికి నేను ఎంచుకున్న రోజు అది. పైగా చెరువు వీధి మలుపులో ఒక గుంపు నన్ను పట్టుకుంది. జాతరకు వచ్చి వేషం లేకుండా పోతావేందప్పా అని, వద్దు వద్దంటున్నా మోచేతుల దాకా, మెడ దాకా సుద్ద పూసి వదిలారు. నేను కుండీని కండువా కింద దాచి, దాని మీద చుక్క పడకుండా కాపాడుకొని, దయ్యంలా తెల్లటి చేతులతో మామ గడప ఎక్కాను.

అత్త నా చేతులు చూసింది. కండువా తీశాను, ఆకులు చూసింది. మళ్ళీ నా చేతులు చూసింది.

"ఈసారి కడుక్కొనే ఓపిక కూడా లేకపోయిందా నీకు?"

నాకు ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు. కుండీ ఆమె ముందర పెట్టి, నా మాట నమ్మవద్దు, తోముకో అన్నాను. అత్త కూడా తక్కువది కాదు. చింతపండు, కొబ్బరిపీచు తెచ్చి, ఇత్తడి చెంబు తోమినట్టు ఒక ఆకును పట్టుకొని తోమింది. జాతరకు పోయేవాళ్ళు నలుగురు తెల్లటి ఒళ్ళతో గడపలో ఆగి చూస్తున్నారు. ఆకు నలిగింది, నీరు కారింది, చివరికి రెండుగా చిరిగింది. తెలుపు పోలేదు. చిరిగిన చోట చూస్తే లోపల కూడా తెలుపే. నశ్యం తాత వంగి చూసి (ఈసారి నోట్లో పెట్టుకోలేదు), ఇది పూసింది కాదప్పా, పుట్టింది అన్నాడు. మామ పెద్దగా ఊపిరి వదిలాడు. నేను కిటికీ సంగతి, చీకటి సంగతి, బీరువా నీడ సంగతి, టైలరు మిషనుతో సహా వివరించడం మొదలుపెట్టాను. ఎవరూ వినడం లేదు. అందరూ అత్త ముఖం చూస్తున్నారు. అత్త కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేను మడిగట్టుకొని కొలస్తే నిలవని సామి, నేను బయటికి తోసినోని ఎంటబడి పోయినాడు" అంది.

"సామి కాదత్తా, వెలుతురు. కిటికీలో నుంచి వచ్చే వెలుతురు" అన్నాను.

"వెలుతురంటే ఎవురనుకున్నావు మరి?" అంది అత్త. మామ వైపు తిరిగి, చంద్రగిరికి కబురంపి ఆ సంబంధం వద్దని చెప్పమంది. సామే వాని పక్షాన ఉంటే అడ్డం చెప్పేదానికి నేనెవరంది.

ఇక్కడే నాకు ఈనాటికీ కాలుతుంది. నాకు న్యాయం జరగలేదు. పెళ్ళి జరిగింది, అది వేరే. నేను తోడుకొచ్చిన సాక్ష్యం, నేను సొంతంగా కనిపెట్టిన సత్యం, ఏదీ లెక్కకు రాలేదు. అబద్ధమని వెళ్ళగొట్టారు, మహిమని లోపలికి పిలిచారు, నిజమని మాత్రం ఒక్కరూ అనలేదు. పెళ్ళిపీటల మీద కూడా నేను పక్కకు వంగి, అది వెలుతురేనే అని మరదలి చెవిలో చెప్పాను. పురోహితుడు మంత్రం ఆపి చూశాడు. మరదలు తల దించుకొనే, ఊరకుండు బావా, ఒప్పుకున్నారు గదా అంది.

కాలం గడిచింది. అత్త, మామ, నశ్యం తాత పోయారు. చిత్తూరులో సొంత ఇల్లు కట్టించుకున్నాను. అన్నీ అత్తగారింటి పద్ధతిలోనే, వీధి గదికి మాత్రం దగ్గర నిలబడి పెద్ద కిటికీ పెట్టించాను. ఆ తీగ సంతతి ఇప్పటికీ ఆ కిటికీ ఊచలకు అల్లుకొని ఉంది. దీనికిప్పుడు ఏదో డబ్బు పేరు పెట్టి ఇంటింటా సీసాల్లో పెంచుతున్నారు. తెల్లవారి లేచి, కళ్ళద్దాలు పెట్టుకొని, ఒక్కో ఆకును అరచేతిలో పెట్టుకొని తుడుస్తూ నేను కూర్చుంటే, వీధిలో పోయే పిల్లలు చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. సుద్ద చేతులతో గడపలో నిలబడి న్యాయం కోసం ఏడ్చిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నాకే నవ్వు వస్తుంది. ఇంటికి ఎవరు వచ్చినా వాళ్ళను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పి, ఆఖరున వేలు ఎత్తి, చూశారా, చీకట్లో పెడితే ఎంత మంచి మొక్కయినా తన రంగు పోగొట్టుకుంటుంది, ఆ రోజుల్లోనే కనిపెట్టినవాణ్ణి నేను, అని ముగిస్తాను. మొన్న పక్కింటికి వచ్చిన కొత్త అల్లుడుగారికి అట్లాగే చెప్పి ముగించాను. అల్లుడుగారు తల ఊపారు. వెనక వంటింట్లో నుంచి, పొగకు దగ్గుతూ, మా ఆవిడ అంది:

"ఆకుకు వెలుతురు గావాలని ఆ పొద్దే కనిపెట్టినావు, సరే. ఇల్లు కట్టించేటప్పుడు ఈ వంటింటికొక కిటికీ పెట్టించల్లని మాత్రం తోచలేదే బావా నీకు."